"ఇందులో ఏది వదిలేస్తే పర్లేదు?"

ఆదోని నుంచి ఒక అమ్మ ఆరు పేజీల ఉత్తరం రాశారు. పేరు వేయొద్దన్నారు, వీధి పేరు కూడా వద్దన్నారు. క్లుప్తంగా సంగతి ఇది.

ఆమెకు ఇద్దరు పిల్లలు. పెద్దవాడికి పదిహేడేళ్లు నిండాయి. పుట్టినప్పుడు ఏడవడం ఆలస్యమైంది, తర్వాత సెరిబ్రల్ పాల్సీ అని తేల్చారు, అంటే మెదడు దెబ్బతిని ఒంటి కదలికలు పట్టు తప్పే స్థితి. పట్టుకుంటే నాలుగడుగులు వేస్తాడు, మాట స్పష్టంగా రాదు, కాళ్లు కర్రల్లా బిగుసుకుపోతుంటాయి. నాలుగో ఏట నుంచి ఫిట్స్ కూడా ఉన్నాయి. కర్నూలులో ఒక ప్రైవేటు నరాల డాక్టరు దగ్గర ఎనిమిదేళ్లుగా చూపిస్తున్నారు. భర్త పత్తి మార్కెట్ యార్డులో హమాలీ. సీజన్‌లో రోజుకు ఆరేడు వందలు వస్తాయి. ఎండాకాలం వారానికి రెండు రోజులు పని దొరికితే గొప్ప. ఈమె ఒకప్పుడు జిన్నింగ్ మిల్లులో పనికి పోయేవారు. పిల్లవాడు బరువెక్కి, ఎత్తి దించడం అత్తగారి వల్ల కాకపోవడంతో మానేశారు. ఇప్పుడు ఇంట్లోనే జాకెట్లు కుడుతున్నారు.

పిల్లవాడికి నెలకు 6,000 పింఛను వస్తుంది. అందులో 3,000 ఆడబిడ్డ పెళ్లికి చేసిన అప్పుకు పోతోంది. అది భర్త, అత్తగారు కలిసి చేసిన ఏర్పాటు, ఇంకా రెండేళ్లు నడవాలి. మిగిలిన 3,000తో మందులు కొనాలి. మందుల బిల్లు 4,200.

"సంక్రాంతి అయినప్పటి నుంచి నేను ఒక పని చేస్తున్నాను" అని నాలుగో పేజీలో రాశారు. "పొద్దున మాత్రలు అత్తమ్మ ముందరే వేస్తాను. రాత్రివి ఒక రోజు వేసి ఒక రోజు దాస్తాను. పెద్ద మాత్రను బ్లేడుతో సగం చేస్తాను. దాచినవన్నీ పాలపొడి డబ్బాలో పెట్టి నెలాఖరున అవే వాడతాను. ఎవరికీ తెలీదు."

ఉగాది ముందు రోజు రాత్రి పిల్లవాడికి ఫిట్స్ వచ్చాయి. పద్నాలుగు నెలలుగా రాలేదు, అప్పుడు వచ్చాయి. కర్నూలు తీసుకెళ్తే డాక్టరు "మందులు సరిగ్గా వేస్తున్నారా?" అని అడిగారు. పక్కన భర్త ఉన్నాడు. ఈమె "వేస్తున్నాం సార్" అన్నారు. ఆయన ఒక మాత్ర మోతాదు పెంచి, కొత్తది ఇంకొకటి చేర్చారు. అంతకుముందు 3,500 ఉండే బిల్లు 4,200 అయింది అప్పుడే. బిల్లు పెరిగిందని భర్తకు తెలుసు. ఎలా కొంటున్నావని మాత్రం అడగలేదట.

ఆమె అడిగినవి మూడు. ఈ మందుల్లో ఏవి మానేస్తే పర్లేదు? ఖర్చు తగ్గే దారి ఏదైనా ఉందా? చేసిన పని భర్తకు చెప్పాలా, చెప్పకుండానే సర్దుకోవాలా? "తెలిస్తే ఇల్లు నిలవదు" అని రాసి, బిల్లు కాగితం ఉత్తరానికి పిన్ను కొట్టి పంపారు.

అమ్మా,

మీ మొదటి ప్రశ్న నాకు కొత్త కాదు. ఈ శీర్షిక రాయకముందు పద్నాలుగేళ్లు మందుల కౌంటరు వెనక నిలబడ్డాను. జనం చీటీ లోపలికి తోసి, ఎంతవుతుందో అడిగి, నేను లెక్క చెప్పగానే ఒకసారి వెనక్కి చూసేవాళ్లు. తర్వాత కిటికీలోకి తల వంచి, వరసలో ఉన్నవాళ్లకు వినపడకుండా అడిగేవాళ్లు: "ఇందులో ఏది వదిలేస్తే పర్లేదు మేడం?" పంచె కట్టినవాళ్లూ అడిగారు, ప్యాంటు వేసినవాళ్లూ అడిగారు. ఆ ప్రశ్నకు జవాబు తెలిసిన మనిషి పై అంతస్తులో కూర్చుని ఉన్నాడు. పది నిమిషాల కిందటే ఆయన చెప్పినదానికల్లా తలూపి కిందికి వచ్చారు. డబ్బు మాట ఆయన ముందు ఎత్తడానికి సిగ్గు. కౌంటరు దగ్గర సిగ్గు కొంచెం తక్కువ. నేనూ వాళ్ల మొహం చూడలేక ఏదో ఒకటి చూపించి "ఇది వచ్చే నెల తీసుకోండి" అనేదాన్ని. ఒకసారి ఒక ముసలాయనకు నేను వదిలేయమన్నది వదలకూడని మాత్ర అని వారం తర్వాత తెలిసింది. ఆయనకు ఏమీ కాలేదు, నా అదృష్టం. అప్పటి నుంచి ఆ ప్రశ్నకు జవాబు చెప్పడం మానేశాను. మీకూ "ఇది మానేయండి" అని చెప్పను. కానీ మీ బిల్లులో నాకు కనిపించింది చెబుతాను. దాన్ని ఎక్కడ, ఎలా అడగాలో కూడా చెబుతాను.

అంతకంటే ముందు ఆగకూడని సంగతి ఒకటి ఉంది. మీ బిల్లులో మొదటి నాలుగూ, అంటే లెవెటిరాసెటమ్, సోడియం వాల్‌ప్రోయేట్, క్లోబజామ్, బాక్లోఫెన్, ఇవి ఒక రోజు వేసి ఒక రోజు ఆపే మందులు కావు. మొదటి మూడూ ఫిట్స్‌వి. మందు రక్తంలో ఒక మట్టంలో నిలబడి ఉంటేనే ఫిట్స్ ఆగుతాయి, రాత్రి మాత్ర మానితే తెల్లవారేసరికి ఆ మట్టం పడిపోతుంది. నాలుగోది కాళ్ల బిగుతుకు. "బిగుతుకే కదా, రెండు రోజులు లేకపోతే ఏమవుతుంది" అనిపిస్తుంది, చాలామందికి అలాగే అనిపిస్తుంది. కానీ బాక్లోఫెన్‌ను ఉన్నట్టుండి ఆపితే దానివల్లే ఫిట్స్ రావచ్చు. క్లోబజామ్ కూడా అంతే, తగ్గించాలంటే డాక్టరు చెప్పినట్టు మెల్లగా తగ్గించాలి. ఇక బ్లేడు సంగతి. మీరు సగం చేస్తున్న పెద్ద మాత్ర వాల్‌ప్రోయేటే అయితే, షీటు వెనక ఒకసారి చూడండి. మందును గంటల తరబడి కొంచెం కొంచెంగా వదిలే రకం అయితే దాన్ని నలపకూడదు, నమిలించకూడదు. మధ్యలో గీత ఉన్న కొన్నింటిని విరవచ్చు, కొన్నింటిని విరవకూడదు. మీది ఏ రకమో డాక్టరునే అడగండి.

ఇది చదివి "సరే, ఈ రాత్రి నుంచే చీటీలో ఉన్నట్టు అన్నీ పూర్తిగా వేసేస్తా" అని కూడా అనుకోకండి. ఆ చీటీ, మందులన్నీ పూర్తిగా పడుతున్నా ఫిట్స్ వచ్చాయనుకుని రాసిన చీటీ. రేపే క్లినిక్‌కు ఫోన్ చేసి, ఇన్నాళ్లూ నిజంగా ఎన్ని వేశారో చెప్పి, ఎలా మొదలుపెట్టాలో అడగండి. ఈలోపు ఫిట్స్ వస్తే పిల్లవాణ్ణి పక్కకు తిప్పి పడుకోబెట్టండి. నోట్లో చెంచా పెట్టొద్దు, నీళ్లు పోయొద్దు. అత్తగారు తాళంచెవులు చేతిలో పెడతానంటే పెట్టనివ్వండి, వాటివల్ల లాభమూ లేదు, పెద్ద నష్టమూ లేదు. గడియారం మాత్రం చూడండి. ఐదు నిమిషాలు దాటితే, లేదా ఒకటి ఆగి తెలివి రాకముందే ఇంకొకటి మొదలైతే, 108కి ఫోన్ చేయాల్సిందే.

ఇప్పుడు అసలు చిక్కు చూద్దాం. మీరు దీన్ని డబ్బు చిక్కు అని రాశారు. నాకు దాని వెనక ఇంకో చిక్కు కనిపించింది. డబ్బు చాలక మీరు మాత్రలు దాచారు. దాచడం వల్ల ఫిట్స్ వచ్చి ఉండవచ్చు. దాచిన సంగతి తెలియని డాక్టరు, మందు పనిచేయడం లేదనుకుని మోతాదు పెంచారు, కొత్త మందు కలిపారు. బిల్లు 700 పెరిగింది. ఆ 700 కోసం మీరు ఇంకొన్ని మాత్రలు దాస్తున్నారు. మళ్లీ ఫిట్స్ వస్తే ఆయన మళ్లీ పెంచుతారు. ఈ గానుగలో తిరుగుతున్నది మీరు. "వేస్తున్నాం సార్" అన్న ఆ రెండు మాటల ఖరీదు ప్రస్తుతానికి నెలకు 700 రూపాయలు. నిజం చెబితే ఆ పెంచినదాన్ని ఆయన తిరిగి తగ్గించే అవకాశం ఉంది. తప్పకుండా తగ్గిస్తారని నేను అనను, పిల్లవాణ్ణి చూసి ఆయనే నిర్ణయించాలి. కానీ నిజం తెలియకపోతే తగ్గించే అవకాశమే లేదు.

"నేను నా బిడ్డకు ద్రోహం చేశానా" అని చివరి పేజీలో రాసి కొట్టేశారు. కొట్టేసినా చదవడానికి వచ్చింది. మూడు వేలలో 4,200 బిల్లు ఇమడ్చమని మీ చేతిలో పెట్టి, ఎలా ఇమిడిందని ఎవరూ అడగలేదు. తప్పు జరిగింది, అందులో మీ పాలూ ఉంది. కానీ మొత్తం మీ ఒక్కరిదే అని నేను ఒప్పుకోను.

ఇక బిల్లు. నాలుగు ముఖ్యమైన మందులు వరుసగా 840, 420, 360, 1,200. కలిపితే 2,820. మిగతావి మూడు: మెదడు చురుకుదనానికి అని రాసిన టానిక్ రెండు సీసాలు 780, కాల్షియం 300, గ్యాస్ మాత్ర 300. ఈ మూడూ 1,380. అంటే బిల్లులో మూడో వంతు ఫిట్స్‌కూ కాదు, కాళ్ల బిగుతుకూ కాదు. ఇక్కడ ఒక తమాషా ఉంది. లెవెటిరాసెటమ్, వాల్‌ప్రోయేట్ లాంటివి 2022 నాటి అత్యవసర మందుల జాతీయ జాబితాలో ఉన్నాయి. వాటికి ఇంతకు మించి అమ్మకూడదని ప్రభుత్వం గరిష్ఠ ధర కడుతుంది. బలం టానిక్కులకు అలాంటి కట్టడి లేదు. అందుకే ప్రాణం కాపాడే షీటు కంటే రంగు సీసా ప్రియం. మీ ఇంట్లో మీరు ఏది దాచారో చూడండి. అత్తగారికి కనిపించే టానిక్ రోజూ చెంచాతో పోస్తున్నారు, రాత్రి మాత్ర దాస్తున్నారు. టానిక్ అయితే పిల్లవాడు ఇష్టంగా తాగుతాడని కూడా రాశారు.

అయితే ఆ మూడింటినీ ఒకే గాటన కట్టొద్దు. ఏళ్ల తరబడి ఫిట్స్ మందులు వాడేవాళ్లకు, ఎండలో తిరగని పిల్లలకు ఎముకలు పలచబడే భయం ఉంటుంది, కాల్షియం అందుకే రాసి ఉండవచ్చు. గ్యాస్ మాత్ర ఎప్పుడో కడుపు మంట వచ్చినప్పుడు రాస్తే, చీటీ మారినప్పుడల్లా అలవాటుగా వస్తూ ఉండవచ్చు. టానిక్ గురించి నా అభిప్రాయం మీకు అర్థమయ్యే ఉంటుంది. ఏది ఉండాలో డాక్టరు చెబుతారు, మీరు అడిగితే.

ఎలా అడగాలి? పెద్ద ప్రసంగం అక్కర్లేదు. "సార్, సంక్రాంతి నుంచి రాత్రి మాత్రలు ఒక రోజు మార్చి ఒక రోజే వేశాను, పెద్ద మాత్ర సగమే వేశాను. డబ్బు చాలక. అప్పుడు మీకు చెప్పలేదు. మందులకు నెలకు మూడు వేలకు మించి పెట్టలేం. అందులో సరిపోయేలా తప్పనిసరివి రాయండి, మందు పేరుతో రాయండి." ఇంతే. నోరు రాదనుకుంటే కాగితం మీద రాసి, మీ వంతు రాగానే ఆయన బల్ల మీద పెట్టండి. కోప్పడవచ్చు. కోప్పడితే పడనివ్వండి, కోపం దిగాక చీటీ మళ్లీ రాస్తారు, చాలామంది డాక్టర్లు రాస్తారు. ఎనిమిదేళ్లుగా చూస్తున్న పిల్లవాడు. మందు పేరుతో రాయమని అడగడం అవమానించడమూ కాదు. డాక్టర్లు వీలైనంతవరకు జెనరిక్ పేర్లతోనే, అంటే కంపెనీ పేరుతో కాకుండా అసలు మందు పేరుతోనే, అర్థమయ్యే అక్షరాలతో రాయాలని వాళ్ల వృత్తి నిబంధనల్లోనే ఉంది. 2023లో ఆ నియమాన్ని ఇంకా గట్టి చేయబోయి, డాక్టర్ల సంఘాలు అభ్యంతరం చెబితే అదే నెలలో పక్కన పెట్టారు. కాబట్టి ఎవరూ ఎవరినీ బలవంతం చేయరు, మీరే అడగాలి.

మందు పేరు తెలిస్తే మీకు ఏం లాభం? ఇంట్లో ఉన్న షీటు ఒకటి వెలుతురులో పెట్టి చూడండి. పెద్ద అక్షరాల్లో ఉన్నది కంపెనీ పెట్టుకున్న పేరు. దాని కిందో పక్కనో చీమతలకాయంత అక్షరాల్లో ఉన్నదే మందు. పక్కన 500 అనో 300 అనో అంకె ఉంటుంది, అది మోతాదు. అదే మందు, అదే మోతాదు వేరే పేరుతో సగం ధరకే దొరకవచ్చు. మీ చిన్నమ్మాయి తొమ్మిదో తరగతి అన్నారుగా, నాలుగు షీట్ల మీద ఉన్న ఆ చిన్న పేర్లు, అంకెలు ఒక నోటుబుక్కులో రాయించండి. డాక్టరు దగ్గరైనా, ఏ షాపు దగ్గరైనా ఆ పేజీ పనికొస్తుంది.

దారి ఒకటి, జన ఔషధి కేంద్రం. కేంద్ర ప్రభుత్వం 2008లో మొదలుపెట్టిన పథకం ఇది. బ్రాండు మందు కంటే సగానికీ, కొన్నిసార్లు ఇంకా తక్కువకూ దొరుకుతాయి. పథకానికి సుగమ్ అనే ఫోన్ యాప్ ఉంది, దగ్గర్లో కేంద్రం ఎక్కడుందో, ఏ మందు ఎంతో అందులో చూడవచ్చు. మీ పుస్తకంలోని నాలుగు పేర్లూ అక్కడ అడగండి. జాగ్రత్త పడాల్సింది ఒక్క చోట. ఫిట్స్ మందుల్లో ఒక కంపెనీ నుంచి ఇంకో కంపెనీకి ఊరికే మారుతూ ఉండటం మంచిది కాదు. ఈ నెల ఇక్కడ చవక, వచ్చే నెల అక్కడ చవక అని తిరగొద్దు. మారదలుచుకుంటే డాక్టరుకు చెప్పి ఒకసారి మారండి, మారాక అదే వాడండి, మొదటి నెల గమనిస్తూ ఉండండి. కేంద్రంలో కొన్నిసార్లు సరుకు ఉండదు, కాబట్టి పది రోజుల మాత్రలు చేతిలో ఉండగానే తర్వాతివి తెచ్చుకోవాలి. ఫిట్స్ మందు ఒకటి మార్చడం డాక్టరుకు ఇష్టం లేకపోతే వాదించకండి. అది పాతదే కొనండి, బాక్లోఫెన్, కాల్షియం అక్కడ తీసుకోండి. మీ బిల్లులో అన్నిటికంటే పెద్ద అంకె 1,200 బాక్లోఫెన్‌దే కదా. క్లినిక్ కింద ఉన్న షాపులోనే కొనాలన్న నిబంధన కూడా ఎక్కడా లేదు. "అక్కడ కొనకపోతే కాంపౌండరు ఒకలా చూస్తాడు" అని రాశారు. చూడనివ్వండి.

దారి రెండు, ప్రభుత్వ ఆసుపత్రి. కర్నూలు ప్రభుత్వ సర్వజన ఆసుపత్రిలో నరాల విభాగం ఉంది, అక్కడ చూపిస్తే ఫీజు లేదు, ఉన్న మందులు ఉచితం. గతంలో మీరు ఒక ప్రభుత్వ ఆసుపత్రికి వెళ్తే రెండు మందులే ఇచ్చి మిగతావి బయట కొనుక్కోమన్నారని, అందుకే విసుగొచ్చి మానేశారని రాశారు. అలా జరుగుతుంది. అదీకాక, ఎమ్మిగనూరు మీదుగా వంద కిలోమీటర్ల ప్రయాణం. 2025 ఆగస్టు 15 నుంచి పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఆడవాళ్లకు ఉచితం కాబట్టి మీకు టికెట్ ఖర్చు లేదు కానీ, పిల్లవాణ్ణి ఎత్తుకోవడానికి ఆయన రావాలి, ఆయన రోజు కూలి పోతుంది. సీజన్‌లో అయితే అది ఆరేడు వందలు. నెలనెలా వెళ్తే ఉచిత మందు ఉచితంగా మిగలదు. అలా కాకుండా ఎండాకాలం, యార్డులో పని లేని వారం చూసి ఒకసారి వెళ్లి కేసు రాయించుకోండి. తర్వాత మూడు నెలలకోసారి వెళ్లేలా, ఒకేసారి ఎక్కువ రోజులకు మందులు రాయమని అడగండి. ఇస్తారా లేదా అన్నది ఆ రోజు అక్కడున్న నిల్వను బట్టి ఉంటుంది. ప్రైవేటు డాక్టరుకు నిజం చెప్పడానికి ఎంతకూ మనసొప్పకపోతే, కొత్త డాక్టరు దగ్గర మొదటి రోజే నిజంతో మొదలుపెట్టడం ఒక సులువు. కానీ ఎనిమిదేళ్ల చరిత్ర తెలిసిన మనిషిని వదులుకుంటారు. పాత చీటీలన్నీ తీసుకెళ్లకపోతే అక్కడ మళ్లీ మొదటి నుంచి మొదలవుతుంది. ఎన్‌టీఆర్ వైద్య సేవ గురించి అడిగారు. అది ఆసుపత్రిలో చేరి చేయించుకునే చికిత్సలకు, ఆపరేషన్లకు. నెలనెలా ఇంట్లో వేసుకునే మాత్రలకు దాన్ని నమ్ముకోకండి.

దారి మూడు మీ ఉత్తరంలో లేదు, అందుకే కాస్త వివరంగా చెబుతాను. నిరామయ అని ఒక ఆరోగ్య బీమా ఉంది. సెరిబ్రల్ పాల్సీ, ఆటిజం, బుద్ధిమాంద్యం, బహుళ వైకల్యం ఉన్నవాళ్ల కోసం 1999లో వచ్చిన నేషనల్ ట్రస్ట్ చట్టం కింద నడుస్తోంది. ఏడాదికి లక్ష రూపాయల వరకు. మిగతా బీమాల్లో లేనిది ఇందులో ఉన్నది ఏమిటంటే, ఆసుపత్రిలో చేరకుండా బయట కొన్న మందులకు, పరీక్షలకు, ఫిజియోథెరపీకి కూడా కొంత పరిమితి వరకు ఇస్తారు. ముందు నుంచి ఉన్న జబ్బు అని తోసిపుచ్చరు. పేద కుటుంబాలకు మొదటిసారి కట్టేది 250 రూపాయలు. వైకల్యానికి ఇచ్చే సదరం సర్టిఫికెట్, ఆధార్, బియ్యం కార్డు, బ్యాంకు పుస్తకం ఉంటే చాలావరకు పని అవుతుంది. ట్రస్ట్‌లో నమోదైన సంస్థ ద్వారా దరఖాస్తు పెట్టాలి. మన ప్రాంతంలో ఏ సంస్థ పెడుతుందో కలెక్టరేట్‌లో ఉండే విభిన్న ప్రతిభావంతుల సంక్షేమ శాఖ వాళ్లను అడగండి. కష్టం ఎక్కడంటే, డబ్బు ముందు మనం పెట్టాలి, బిల్లులు పంపాక తిరిగి వస్తుంది. ఎప్పుడు వస్తుందో చెప్పలేం. కాబట్టి ఈ నెల మందులకు ఇది దారి కాదు, ఏడాది మీద ఊపిరి. బిల్లు లేకుండా కొన్న మందుకు పైసా రాదు. క్లినిక్ షాపులో తెల్ల కాగితం మీద మొత్తం రాసి ఇస్తున్నారన్నారు, ఇకమీదట అలా తీసుకోకండి. మందు పేరు, బ్యాచ్ నంబరు, తేదీ, పిల్లవాడి పేరు ఉన్న బిల్లు అడగండి. ప్రతి ఏడూ మార్చి లోపల రెన్యువల్ చేయించుకోవాలి, అది మరిచిపోతే మళ్లీ మొదటికి వస్తుంది.

చట్టం మాట కూడా ఒకటి. 2016 దివ్యాంగుల హక్కుల చట్టం 24వ సెక్షన్‌లో, ప్రభుత్వం పెట్టే ఆదాయ పరిమితికి లోబడి మందులు ఉచితంగా ఇవ్వాలన్న మాట ఉంది. షాపు కౌంటరు మీద ఆ సెక్షన్ పెడితే షీటు రాదు, నాకు తెలుసు. కానీ కలెక్టరు గ్రీవెన్స్‌లో అర్జీ పెట్టేటప్పుడు ఆ వాక్యం రాస్తే బరువు ఉంటుంది. ఒక సోమవారం ఖర్చవుతుంది, ఫలితం వెంటనే ఉండకపోవచ్చు. పింఛను విషయంలో, మంచానికో చక్రాల కుర్చీకో పూర్తిగా పరిమితమైనవాళ్లకు 15,000 ఇస్తున్నారని ఎవరో చెబితే అడిగారు. నిజమే, ఇస్తున్నారు. మీవాడు పట్టుకుంటే నడుస్తాడు కాబట్టి ఆ కోవలోకి రావడం అనుమానం. మళ్లీ పరీక్ష పెట్టించుకుంటే శాతం పెరగవచ్చు, తగ్గనూ వచ్చు. ఆశపడి చేతిలో ఉన్న ఆరు వేలను కదిలించేముందు సచివాలయంలో బాగా కనుక్కోండి.

ఇప్పుడు ఇంటి సంగతి. ఆడబిడ్డ పెళ్లి అప్పుకు పిల్లవాడి పింఛను నుంచి 3,000. మీరు ఈ మాటను చాలా మెత్తగా రాశారు, నేను కొంచెం గట్టిగా అంటాను. అది మీ ఆయన డబ్బు కాదు, అత్తగారిదీ కాదు, పిల్లవాడిది. వాడి మందులు పోగా మిగిలితే ఇంటికి. ఇప్పుడు అప్పు పోగా మిగిలింది వాడి మందులకు. వరస తిరగబడింది. అయినా మీరు ఇంట్లో గొడవ పెట్టుకోవాల్సిన అవసరం రాకపోవచ్చు. లెక్క చూడండి. డాక్టరు ఆ 1,380లో చాలావరకు కొట్టేస్తే బిల్లు 2,820 దగ్గరికి వస్తుంది. జన ఔషధిలో రెండు మందులు దొరికినా ఇంకా దిగుతుంది. అప్పుకు 3,000 కట్టినా చేతిలో ఉన్న మూడు వేలలో మందులు వచ్చేస్తాయి. అంటే అప్పు ఆపమని కాదు మీరు అడగబోయేది. ఒకటో తారీఖు పింఛను చేతికి రాగానే ముందు మందులు తెచ్చి, తర్వాత అప్పు కట్టమని మాత్రమే. ఆ మాట మీ ఆయన చెవికి ఇంకోలా వినిపిస్తుంది.

డాక్టరు ఏదీ కొట్టేయకపోతే, జన ఔషధిలోనూ కలిసిరాకపోతే, అప్పు నెలకు 3,000 నుంచి 2,000కు దించాల్సి వస్తుంది. రెండేళ్ల అప్పు మూడేళ్లు అవుతుంది, వడ్డీ కూడా కలుస్తుంది. నూటికి రెండు రూపాయల వడ్డీ అన్నారు. మీరు డ్వాక్రా గ్రూపులో ఉంటే అక్కడ తక్కువ వడ్డీకి తీసుకుని ఇది తీర్చేయడం ఒక పద్ధతి. కానీ ఆ వాయిదా తప్పితే పదిమంది ఆడవాళ్ల ముందు తలదించుకోవాల్సింది మీరే, మీ ఆయన కాదు. అది ఆలోచించుకోండి.

ఆయనకు చెప్పాలా అన్నది మిగిలింది. మూడు రకాలుగా చేయవచ్చు. చెప్పకుండా, ఇకమీదట సరిగ్గా వేస్తూ సర్దుకుపోవచ్చు. దానికి ఒకే అడ్డంకి, డాక్టరుకు నిజం చెప్పాలి, పిల్లవాణ్ణి మోసుకొచ్చే మనిషి ఆయనే, గదిలో పక్కనే ఉంటాడు. ఫోన్‌లో ముందే చెప్పేస్తే ఆ రోజుకు దాటిపోవచ్చు, కానీ డాక్టరు నోటి వెంట ఎప్పుడైనా పడుతుంది. రెండో రకం, డాక్టరు ముందే ఆయనకూ తెలిసేలా చెప్పడం. ఆయన అక్కడ అరవలేడు, మాత్ర మానితే ఏమవుతుందో డాక్టరు నోటి నుంచే వింటాడు. కానీ పరాయి మనిషి ముందు తెలిసిందన్న ఉక్రోషం ఆదోని బస్సు దిగాక ఉంటుంది. మూడోది, ముందు రోజు రాత్రి ఇంట్లో, అత్తగారు పడుకున్నాక, ఆయనొక్కడికే చెప్పడం. నేనైతే మూడోదే చేస్తాను, చేతిలో బిల్లు పెట్టుకుని. "మూడు వేలిచ్చావు, బిల్లు నాలుగు వేల రెండు వందలు, మిగతాది ఎలా తెస్తున్నాననుకున్నావు?" అని అక్కడి నుంచి మొదలుపెడతాను. ఆయన ఇన్నాళ్లూ అడగకపోవడానికి కారణం, అడిగితే జవాబు వినాల్సి వస్తుందనే కావచ్చు. ఆయన చెడ్డవాడని మీ ఉత్తరంలో ఎక్కడా లేదు. పిల్లవాడికి ఫిట్స్ వచ్చిన రాత్రి తెల్లారేదాకా వాడి కాళ్లు ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడని ఉంది. అయినా కోపంలో చెయ్యి లేస్తుందన్న భయం మీకుంటే, ఒంటరిగా చెప్పొద్దు, మీ అన్నను పిలిపించుకోండి. ఆడవాళ్ల సాయానికి ఉన్న 181 హెల్ప్‌లైన్ నంబరు కూడా గుర్తుంచుకోండి.

అత్తగారికి ఇదంతా చెప్పక్కర్లేదు. రాత్రి మాత్రలు వేసే పని ఆవిడకు అప్పగించండి, పొద్దునవి మీరు చూసుకోండి. ఇద్దరు చూస్తుంటే మాత్ర తప్పదు, మీకూ దాచే అవకాశం ఉండదు.

ఇంకొకటి. ఇంకొన్ని నెలల్లో పిల్లవాడికి పద్దెనిమిది నిండుతాయి. ఆ తర్వాత బ్యాంకులోనో, ఆఫీసులోనో వాడి తరఫున సంతకం ఎవరిదన్న ప్రశ్న వస్తుంది. నేషనల్ ట్రస్ట్ చట్టం కింద కలెక్టరు అధ్యక్షతన జిల్లాలో ఒక కమిటీ ఉంటుంది, తల్లిదండ్రులు చట్టబద్ధమైన సంరక్షకులుగా అక్కడే దరఖాస్తు పెట్టుకోవాలి. నిరామయ గురించి అడగడానికి వెళ్లిన రోజే దీని కాగితాలు కూడా అడిగేయండి, ఒకే బస్సు ప్రయాణంలో రెండు పనులు. దరఖాస్తులో మీ పేరు కూడా ఉండేలా చూసుకోండి, ఆయన పేరు ఒక్కటే కాకుండా.

డాక్టరు దగ్గరికి వెళ్లే రోజు సంచిలో పాత చీటీలు, బిల్లులు, చిన్నమ్మాయి రాసిన నోటుబుక్కు పెట్టుకోండి. ఆ పాలపొడి డబ్బా కూడా పెట్టుకోండి, ఏమీ పారేయకుండా, ఉన్నదున్నట్టుగా. అందులో ఏ మాత్రలు ఎన్ని మిగిలాయో, ఎన్ని సగాలున్నాయో చూస్తే, పిల్లవాడికి ఇన్నాళ్లూ నిజంగా ఎంత మందు పడిందో ఆయనకు లెక్క తెలుస్తుంది.